గుమ్మం దగ్గర తుపాకీ: అమెరికా ప్రభుత్వ భవనాల్లో హక్కు, తనిఖీ, బాధ్యత

అమెరికాలో ప్రభుత్వ భవనాలకు రెండు రకాల గుమ్మాలున్నాయి. ఒక గుమ్మంలో మెటల్ డిటెక్టర్, ఎక్స్‌రే బెల్టు, నడుముకు తుపాకీ ఉన్న గార్డు కనిపిస్తారు. రెండో గుమ్మంలో అద్దం తలుపుకు అంటించిన నోటీసు మాత్రమే ఉంటుంది. అందులో తుపాకీ బొమ్మ, దాని మీద ఎర్రటి అడ్డగీత, కింద చట్టం సెక్షన్ నంబరు ఉంటాయి. మొదటి గుమ్మం లోపలికి వచ్చేవారందరినీ ఆయుధం వదిలి రమ్మంటుంది. రెండోది చట్టానికి కట్టుబడేవాడికే ఆ మాట చెబుతుంది. కట్టుబడనివాడిని ఆపే శక్తి దానికి లేదు.

దుస్తుల కింద తుపాకీ దాచుకుని తిరగడం అక్కడ చాలామందికి చట్టబద్ధమైన హక్కు. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో అందుకు పర్మిట్ కూడా అక్కర్లేదు. అలాంటి దేశంలో కోర్టుకో, కౌంటీ ఆఫీసుకో, శాసనసభకో వచ్చిన పౌరుడి దగ్గర తుపాకీ తీయించే అధికారం ప్రభుత్వానికి ఎంతవరకు ఉంది? తీయించాక అతని ప్రాణానికి పూచీ ఎవరిది? కోర్టు తీర్పులు, రాష్ట్రాల చట్టాలు, నెత్తుటి అనుభవాలు ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతున్నాయి. మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు దొరికింది. రెండోదాన్ని ఎవరూ సూటిగా ఎదుర్కోవడం లేదు. అసలు సమస్య అక్కడే ఉందని నా అభిప్రాయం.

కోర్టులు ఏమన్నాయి

ఆయుధ హక్కును చెప్పే రెండో రాజ్యాంగ సవరణ 1791 నాటిది. అది వ్యక్తి హక్కేనని సుప్రీంకోర్టు తేల్చింది మాత్రం 2008లో, హెల్లర్ కేసులో. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా హక్కును గుర్తిస్తూనే ఒక కంచె కూడా వేశారు. పాఠశాలలు, ప్రభుత్వ భవనాల వంటి సున్నితమైన ప్రదేశాల్లో తుపాకులను నిషేధించే చట్టాలను ఈ తీర్పు ప్రశ్నించడం లేదన్నారు. ఏ ప్రదేశం ఎందుకు సున్నితమైనదో మాత్రం వివరించలేదు. ఆ ఒక్క వాక్యం మీద పదిహేనేళ్లకు పైగా వ్యాజ్యాలు నడుస్తున్నాయి.

2022లో బ్రూయెన్ కేసు తీర్పు వచ్చింది. ఇంటి బయట కూడా ఆత్మరక్షణకు తుపాకీ వెంట ఉంచుకోవడం హక్కేనని జస్టిస్ క్లారెన్స్ థామస్ రాశారు. శాసనసభలు, పోలింగ్ కేంద్రాలు, న్యాయస్థానాల్లో నిషేధానికి చరిత్రలో ఆధారముందని ఒప్పుకున్నారు. జనం గుమిగూడతారు, పోలీసులు ఉంటారు అన్న కారణంతో మన్‌హట్టన్ దీవి మొత్తాన్ని సున్నిత ప్రదేశంగా ప్రకటించడం మాత్రం కుదరదన్నారు. ఆయుధ నియంత్రణ ఏదైనా దేశపు చారిత్రక సంప్రదాయంతో పొసగాలన్నది ఆ తీర్పు పెట్టిన కొలమానం. అప్పటినుంచి న్యాయవాదులు పాత శాసనాలను తవ్వితీస్తున్నారు. 1647లో మేరీలాండ్ శాసనసభలోకి ఆయుధాలు తేవద్దన్న చట్టం, 1776 డెలవేర్ రాజ్యాంగంలో పోలింగ్ రోజున సాయుధులు రాకూడదన్న నిబంధన అలా మళ్లీ వెలుగులోకి వచ్చాయి.

న్యాయస్థానం, శాసనసభ సంగతి అలా తేలినా మిగిలిన వేలాది ఆఫీసుల సంగతి తేలలేదు. దానికి మంచి ఉదాహరణ పోస్టాఫీసు. 2015లో కొలరాడోకు చెందిన కేసులో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు పోస్టాఫీసు లోపలే కాదు, దాని పార్కింగ్ స్థలంలో కూడా నిషేధం చెల్లుతుందంది. 2024 జనవరిలో ఫ్లోరిడాలోని టాంపాలో ఫెడరల్ జడ్జి కాథరిన్ కింబాల్ మిజెల్ అందుకు భిన్నంగా తీర్పిచ్చారు. పోస్టాఫీసులు దేశం పుట్టినప్పటినుంచీ ఉన్నాయని, వాటిలో తుపాకీని నిషేధించే సంప్రదాయం అప్పట్లో లేదని చెబుతూ, ఒక తపాలా ఉద్యోగి మీద పెట్టిన తుపాకీ అభియోగాన్ని కొట్టేశారు. స్టాంపులు అమ్మే కౌంటరూ, హత్యకేసు విచారించే న్యాయస్థానమూ రెండూ ప్రభుత్వ భవనాలే. రెండింటికీ ఒకే సూత్రం వర్తిస్తుందా అన్నదే ఇప్పుడు మిగిలిన చిక్కుముడి.

ఫెడరల్ చట్టం గీసిన గీత

ఫెడరల్ భవనాల విషయంలో ప్రధానమైన చట్టం 1988లో వచ్చింది. శిక్షాస్మృతిలో 930వ సెక్షన్ అది. ఫెడరల్ ఉద్యోగులు రోజూ పనిచేసే ఏ భవనంలోకి తుపాకీ తెచ్చినా ఏడాది వరకు, ఫెడరల్ కోర్టులోకి తెస్తే రెండేళ్ల వరకు, నేరం చేసే ఉద్దేశంతో తెస్తే ఐదేళ్ల వరకు జైలు. రెండున్నర అంగుళాలకు లోపు ఉన్న జేబు చాకును ప్రమాదకర ఆయుధంగా లెక్కించరు. ప్రజలు వచ్చే ప్రతి గుమ్మం దగ్గరా నోటీసు కనబడేలా పెట్టాలి. నోటీసు లేకపోతే, నిందితుడికి సంగతి వేరేగా తెలిసి ఉంటే తప్ప, శిక్ష వేయడానికి లేదు. 2010 నుంచి జాతీయ ఉద్యానవనాల్లో ఆ రాష్ట్ర చట్టం ప్రకారం తుపాకీతో తిరగవచ్చు. యెల్లోస్టోన్ అడవిలో నడుమున ఉండగలిగిన తుపాకీ అక్కడి సందర్శకుల కేంద్రం గడప దాటితే నేరమవుతుంది.

అమెరికాలోని తెలుగువారిలో ఎక్కువమందికి ఈ గుమ్మాలు పరిచయమైనవే. వేలిముద్రలకు, ఇంటర్వ్యూకు వలస కార్యాలయానికి వెళ్లినా, పౌరసత్వ ప్రమాణానికి ఫెడరల్ కోర్టుకు వెళ్లినా బెల్టు, పర్సు, ఫోను ట్రేలో పెట్టి లోపలికి నడవాల్సిందే. హెచ్-1బి వీసాపై ఉన్నవారు తెలుసుకోవాల్సిన మరో సంగతి ఉంది. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప తాత్కాలిక వీసాదారులు తుపాకీ కలిగి ఉండటమే ఫెడరల్ నేరం. గ్రీన్‌కార్డు వచ్చాక ఆ అడ్డు తొలగుతుంది. రాత్రిపూట గ్యాస్ స్టేషన్ నడిపే గ్రీన్‌కార్డుదారుడు ఆత్మరక్షణకు తుపాకీ కొనుక్కున్నాడంటే, ఈ చర్చలో అతనూ ఒక పక్షమైనట్టే.

మన దగ్గర ఈ ప్రశ్న ఇంత పదునుగా తలెత్తదు. 1959 ఆయుధాల చట్టం కింద కలెక్టరో, పోలీసు కమిషనరో ఇచ్చే లైసెన్సు అధికారుల విచక్షణకు లోబడినది. ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సు తుపాకీని పోలీసు స్టేషన్‌లో అప్పగించమంటారు. అమెరికాలో ఆయుధం ధరించడం రాజ్యాంగ హక్కు కాబట్టి, ఎక్కడ తీయించాలన్నా కారణం చెప్పాల్సిన భారం ప్రభుత్వానిదే.

తనిఖీ ఎక్కడ విఫలమైంది

ఒక దాడి తర్వాత ఒక కట్టుదిట్టం రావడం అమెరికా భవన భద్రత చరిత్ర పొడవునా కనిపిస్తుంది. 1954 మార్చి 1న ప్యూర్టోరికో జాతీయవాదులు ప్రతినిధుల సభ గ్యాలరీ నుంచి కాల్పులు జరిపి ఐదుగురు సభ్యులను గాయపరిచారు. 1995 ఏప్రిల్ 19న ఓక్లహామా సిటీలో ఫెడరల్ భవనాన్ని బాంబుతో పేల్చేస్తే 168 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో అధ్యక్షుడి ఉత్తర్వుతో అంతరశాఖ భద్రతా సంఘం ఏర్పడింది. ఫెడరల్ భవనాలను ప్రమాద స్థాయిని బట్టి ఒకటి నుంచి ఐదు వరకు వర్గీకరించి, దానికి తగిన రక్షణ పెట్టే పద్ధతి ఆ దాడి తర్వాతే వచ్చింది. 1998 జూలై 24న అమెరికా కాంగ్రెస్ సమావేశమయ్యే కాపిటల్ భవనం గుమ్మంలో మెటల్ డిటెక్టర్ దగ్గర నిలబడ్డ అధికారి జేకబ్ చెస్ట్‌నట్‌ను, లోపల మరో అధికారి జాన్ గిబ్సన్‌ను ఒక దుండగుడు కాల్చి చంపాడు. తనిఖీ చేసేవాడే మొదటి లక్ష్యం అవుతాడన్న కఠిన సత్యం ఆ రోజు తెలిసింది.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేవి యంత్రాన్ని పక్కదారిలో దాటిపోయిన సంఘటనలు. 1978 నవంబరు 27న శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాల్‌లో మేయర్ జార్జ్ మోస్కోనీని, సూపర్‌వైజర్ (నగర పాలకమండలి సభ్యుడు) హార్వీ మిల్క్‌ను చంపిన డాన్ వైట్ అదే హాల్లో మాజీ సూపర్‌వైజర్, అంతకుముందు పోలీసు. గుమ్మంలో మెటల్ డిటెక్టర్ ఉందని తెలిసి, నేలమాళిగ కిటికీలోంచి లోపలికి దిగాడు. 2003 జూలై 23న న్యూయార్క్ సిటీ హాల్‌లో కౌన్సిల్ సభ్యుడు జేమ్స్ డేవిస్ తన రాజకీయ ప్రత్యర్థినే అతిథిగా వెంటబెట్టుకుని వచ్చాడు. సభ్యులకు తనిఖీ ఉండదు, సభ్యుడి వెంట వచ్చినందుకు అతనికీ లేకపోయింది. కాసేపటికి ఆ అతిథి సభా మందిరం బాల్కనీలో డేవిస్‌ను కాల్చి చంపాడు. డేవిస్ మాజీ పోలీసు అధికారి, లైసెన్సు ఉన్న తుపాకీ ఆయన దగ్గరా ఉంది. అయినా అది ఆయనను కాపాడలేకపోయింది. ఆ ఘటన తర్వాత సభ్యులతో సహా అందరూ డిటెక్టర్ దాటాల్సిందేనని నగరం తీర్మానించుకుంది.

2005 మార్చి 11న అట్లాంటాలోని ఫుల్టన్ కౌంటీ కోర్టులో ముద్దాయి బయటినుంచి ఆయుధం తేలేదు. కాపలా ఉన్న డిప్యూటీని కొట్టి పడేసి, ఆమె లాక్‌బాక్సులో భద్రపరిచిన తుపాకీని తీసుకున్నాడు. జడ్జి రోలండ్ బార్న్స్‌ను, కోర్టు రిపోర్టర్‌ను, బయట మరో డిప్యూటీని చంపాడు. 2013లో వాషింగ్టన్ నేవీ యార్డులో 12 మందిని చంపినవాడు చెల్లుబాటయ్యే పాసు ఉన్న కాంట్రాక్టు ఉద్యోగి. విడదీసిన షాట్‌గన్‌ను సంచిలో పెట్టుకుని వచ్చాడు. 2019 మే 31న వర్జీనియా బీచ్ నగరపాలక భవనంలో 12 మంది ప్రాణాలు తీసినవాడు అక్కడి ఇంజినీరే. ఉద్యోగులు తుపాకులు తేరాదన్న నిబంధన నగరానికి ఉంది. దాన్ని అమలు చేసే తనిఖీ లేదు.

మాజీ సభ్యుడు, సభ్యుడి అతిథి, పాసు ఉన్న కాంట్రాక్టరు, నగర ఉద్యోగి. వీళ్లందరూ ఏదో ఒక విధంగా ఆ భవనం తెలిసిన మనుషులే. ఈ జాబితా నుంచి రెండు పాఠాలు వస్తాయి. మినహాయింపు ఇచ్చిన చోటే తనిఖీకి చిల్లు పడుతుంది. తనిఖీ లేని నిషేధం హంతకుడిని ఆపదు.

తనిఖీ ఉన్నా అది పనిచేస్తోందా అన్నది వేరే ప్రశ్న. ఫెడరల్ ప్రొటెక్టివ్ సర్వీస్ సుమారు 9,000 ఫెడరల్ భవనాలకు కాపలా చూస్తుంది, ఎక్కువగా కాంట్రాక్టు గార్డులతో. అమెరికా కాంగ్రెస్ తరఫున ఆడిట్ చేసే సంస్థ 2009లో రహస్య పరీక్ష చేస్తే, బాంబు విడిభాగాలతో వెళ్లిన పరీక్షకులు పదికి పది భవనాల్లోకి చొరబడగలిగారు. 2024లో అదే సంస్థ లాఠీ, పెప్పర్ స్ప్రే, చాకు ఉన్న పనిముట్టు వంటివాటితో 27 పరీక్షలు చేసింది. దాదాపు సగం సార్లు గార్డులు వాటిని పట్టుకోలేకపోయారు. పౌరుడి దగ్గర ఆయుధం తీసుకున్న ప్రభుత్వం దానికి బదులుగా ఇస్తున్న రక్షణ నాణ్యత ఇది.

తనిఖీ తీసేస్తే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. 2010లో విమానాశ్రయాల తనిఖీల్లో 1,123 తుపాకులు దొరికాయి. 2024లో ఆ సంఖ్య 6,678. వాటిలో 94 శాతం గుళ్లు నింపినవి. పట్టుబడ్డవారిలో చాలామంది సంచిలో తుపాకీ ఉన్న సంగతే మరిచిపోయామని చెబుతారు. 2021 నవంబరులో అట్లాంటా విమానాశ్రయంలో తనిఖీ చేస్తున్న సంచిలోంచి ఒక ప్రయాణికుడు తుపాకీ లాక్కోబోతే అది పేలి, జనం ప్రాణభయంతో పరుగులు తీశారు. లైసెన్సు ఉండటం వేరు, జాగ్రత్త ఉండటం వేరు.

రాష్ట్రాల ప్రయోగాలు

ఈ చర్చలో ఆసక్తికరమైన ఆలోచనలు వాషింగ్టన్ నుంచి కాకుండా రాష్ట్రాల రాజధానుల నుంచి వచ్చాయి.

కాన్సాస్ 2013లో సూటిగా ఒక సూత్రం పెట్టింది. ప్రభుత్వ భవనంలో తుపాకీ వద్దంటే, ప్రజలు వచ్చే ప్రతి గుమ్మం దగ్గరా ఆయుధాలను పట్టే పరికరమూ, సాయుధ సిబ్బందీ ఉండాలి. అవి పెట్టలేకపోతే చట్టబద్ధంగా తెచ్చుకున్నవారిని ఆపకూడదు. టెనెసీ 2017లో స్థానిక సంస్థల భవనాలకు ఇలాంటి షరతే పెట్టింది. మెటల్ డిటెక్టర్, శిక్షణ పొందిన గార్డు, సంచుల తనిఖీ ఉన్నచోటే నిషేధం చెల్లుతుంది. జార్జియా 2014 చట్టం ఇంకా సరళమైనది. గుమ్మంలో భద్రతా సిబ్బంది తనిఖీ లేని ప్రభుత్వ భవనంలోకి లైసెన్సుదారు తుపాకీతో వెళ్లవచ్చు. తనిఖీ ఉన్నచోట పొరపాటున తెచ్చి, చెప్పగానే వెనుదిరిగితే కేసు ఉండదు. న్యాయస్థానాలు మాత్రం నిషిద్ధ స్థలాలుగానే ఉంటాయి.

టెక్సాస్ మరో దారి పట్టింది. 2010 జనవరిలో ఆస్టిన్‌లోని శాసనసభ భవనం మెట్ల మీద ఒకడు కాల్పులు జరిపాక అక్కడ మెటల్ డిటెక్టర్లు వచ్చాయి. తుపాకీ లైసెన్సు ఉన్నవారికి మాత్రం ఆ వరుసలో నిలబడకుండా వేరే దారి ఇచ్చారు. దాంతో రోజూ అక్కడికి వచ్చే లాబీయిస్టులు, విలేఖరుల్లో కొందరు వరుస తప్పించుకోవడానికే లైసెన్సు తీసుకున్నారు. చట్టం ఒప్పుకోని చోట నిషేధం బోర్డు పెట్టిన స్థానిక సంస్థకు రోజువారీ జరిమానా వేసే చట్టాన్ని 2015లో చేశారు. దాని కింద సిటీ హాల్‌లోకి లైసెన్సుదారును రానివ్వనందుకు ఆస్టిన్ నగరానికి 2019లో కోర్టు 9,000 డాలర్ల జరిమానా వేసింది.

మిషిగన్‌ది వ్యతిరేక దిశలో ప్రయాణం. 2020 ఏప్రిల్ 30న కరోనా ఆంక్షలకు నిరసనగా రైఫిళ్లు పట్టుకున్నవారు లాన్సింగ్ శాసనసభ భవనంలోకి వచ్చారు. అప్పటికి అది చట్టబద్ధమే. గ్యాలరీలో తుపాకులు పట్టుకుని నిలబడ్డవారి కళ్లముందు ఓటు వేయాల్సి వచ్చిన సభ్యులకు అది స్వేచ్ఛ అనిపించలేదు. 2021 జనవరిలో బహిరంగంగా ఆయుధం ధరించడాన్ని, 2023లో దాదాపు అన్ని రకాల ఆయుధాలనూ అక్కడ నిషేధించారు. శాసనసభలో నిషేధానికి ఎందుకు చారిత్రక ఆధారం ఉందో దీంతో అర్థమవుతుంది. చర్చ జరిగే చోట తుపాకీ ఉంటే, అది పేలకుండానే వాదనను గెలుస్తుంది.

బరువు ఎటు?

కాన్సాస్ సూత్రంలో నైతిక బలం ఉంది. ఆత్మరక్షణ సాధనాన్ని తీసుకున్నవాడే రక్షణ బాధ్యత కూడా తీసుకోవాలన్నది అందులోని న్యాయం. అమెరికా రాజ్యాంగ న్యాయంలో మాత్రం ఆ బాధ్యతకు చోటు చిన్నది. ఒక వ్యక్తిని ఇతరుల హింస నుంచి కాపాడే రాజ్యాంగ బాధ్యత ప్రభుత్వానికి సాధారణంగా లేదని 1989లో డెషేనీ కేసులో, 2005లో కాజిల్ రాక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే తుపాకీ తీయించే అధికారం ఉంది, తీయించాక కాపాడే బాధ్యత లేదు. రాజ్యాంగం ఆ లోటు తీర్చదు కాబట్టి చట్టసభలే తీర్చాలి.

కాన్సాస్ సూత్రానికి ఒక పెద్ద లోపమూ ఉంది. అది డబ్బున్న భవనాన్నీ, లేని భవనాన్నీ ఒకే గాటన కడుతుంది. ఒక పెద్ద కోర్టుకు నాలుగు గుమ్మాలు మూసి ఒకటి తెరిచి ఉంచడం సాధ్యం. వందలాది తలుపులున్న విశ్వవిద్యాలయానికి, గ్రామీణ గ్రంథాలయానికి అది అసాధ్యం. చట్టం అమలుకు ఇలాంటి సంస్థలకు ఇచ్చిన నాలుగేళ్ల గడువు ముగిసే వేళకు, 2017లో, కాన్సాస్ శాసనసభే ప్రభుత్వ మానసిక వైద్యశాలలను, విశ్వవిద్యాలయ ఆసుపత్రిని ఈ చట్టం నుంచి శాశ్వతంగా మినహాయించాల్సి వచ్చింది. మానసిక వేదనలో ఉన్న రోగుల మధ్యకు తుపాకీ రావడం ఎంత ప్రమాదమో చెప్పడానికి డిటెక్టర్ ఖర్చు లెక్కలు అక్కర్లేదు. విశ్వవిద్యాలయాలకు ఆ మినహాయింపు దక్కలేదు.

ఈ వాదనలన్నీ ఒకేచోట కలిసేది కుటుంబ న్యాయస్థానంలో. కొట్టే భర్త నుంచి రక్షణ ఉత్తర్వు కోసం బస్సులో కోర్టుకు వచ్చే స్త్రీని ఊహించండి. ప్రాణభయంతోనే ఆమె లైసెన్సు తీసుకుంది, తుపాకీ సంచిలో ఉంది. ఆ భర్తకూ అదే రోజు, అదే వరండాలో విచారణ. లోపల ఆమెను కాపాడేది తన తుపాకీ కన్నా అతన్ని కూడా వదలకుండా తనిఖీ చేసిన గుమ్మమే. కానీ కోర్టు తలుపు నుంచి బస్‌స్టాపు దాకా ఆమె ఒంటరి. కారు లేదు కాబట్టి తుపాకీ వదిలే చోటు లేదు, అందుకని ఇంటి దగ్గరే వదిలి రావాలి. కారు ఉన్నవారి పరిస్థితీ అంత మెరుగు కాదు. కార్లలో వదిలిన తుపాకులను దొంగలు ఎత్తుకుపోవడం నగర పోలీసులకు నిత్య సమస్య. గుమ్మం పక్కన తాళం ఉన్న పెట్టె పెట్టి, వెళ్లేటప్పుడు తిరిగి ఇస్తే ఆమె హక్కూ నిలుస్తుంది, లోపలివాళ్ల ప్రాణాలూ నిలుస్తాయి. ఉటా రాష్ట్రం తన న్యాయస్థానాల వంటి చోట్ల ఇలాంటి భద్రపరిచే ఏర్పాటును చట్టంలోనే పెట్టింది. ఫుల్టన్ కౌంటీ అనుభవం చెప్పినట్టు ఆ పెట్టె ఖైదీలు నడిచే దారికి దూరంగా, కాపలా కింద ఉండాలి.

ఇదంతా చూశాక నాలుగు నియమాలు న్యాయంగా తోస్తాయి.

న్యాయస్థానం, చట్టసభ, పోలింగ్ కేంద్రం, మానసిక వైద్యశాల వంటి చోట్ల నిషేధం ఉండాలి. అక్కడ తుపాకీ ఉండటమే తీర్పును, ఓటును, చికిత్సను వంచుతుంది. ఇక్కడ తనిఖీ ఖర్చును రాష్ట్రమో, ఫెడరల్ ప్రభుత్వమో భరించాలి తప్ప చిన్న కౌంటీ నెత్తిన రుద్దకూడదు.

తనిఖీ పెట్టిన చోట జడ్జి, శాసనసభ్యుడు, ఉద్యోగి, లైసెన్సుదారు అన్న తేడా లేకుండా అందరూ దాన్ని దాటాలి. మినహాయింపు విధి నిర్వహణలో ఉన్న కాపలా సిబ్బందికే ఉండాలి. వాషింగ్టన్‌లో 2021 జనవరిలో కాపిటల్ భవనంపై జరిగిన దాడి తర్వాత ప్రతినిధుల సభ తలుపుల దగ్గర డిటెక్టర్లు పెడితే కొందరు సభ్యులు ఎదురుతిరిగారు, 2023లో వాటిని తీసేశారు. సామాన్యుడు రోజూ దాటే యంత్రం చట్టాలు చేసేవాడికి అవమానం కాకూడదు.

తుపాకీ తీయించిన ప్రతి గుమ్మం దగ్గరా దాన్ని భద్రంగా ఉంచి తిరిగిచ్చే పెట్టె ఉండాలి. పొరపాటున తెచ్చి, చెప్పగానే వెనుదిరిగినవాడిని నేరస్థుడిగా చూడకుండా జార్జియా చూపిన దారిలో పంపించాలి.

లైసెన్సు ఆఫీసు, పన్ను కౌంటరు, పోస్టాఫీసు వంటి రోజువారీ సేవల చోట తనిఖీ పెట్టలేకపోతే, ఆ సంగతి ప్రభుత్వం నిజాయితీగా ఒప్పుకోవాలి. నోటీసు కాగితం అక్కడ పనిచేసే గుమాస్తాకు తాను సురక్షితంగా ఉన్నానన్న అబద్ధపు ధైర్యం ఇస్తుంది. తనిఖీకి చాలని ఆ కొద్ది డబ్బుతో తలుపుకు బలమైన తాళం, కౌంటరు వెనక మరో దారి, పోలీసును పిలిచే బటన్ పెట్టినా మేలు. బెదిరింపులకు పాల్పడిన ఉద్యోగిని ముందే గుర్తించే పద్ధతి అంతకన్నా మేలు. వర్జీనియా బీచ్‌లోనూ, నేవీ యార్డులోనూ చంపినవాళ్లు లోపలివాళ్లేనన్నది మరవకూడదు.

ఆయుధ హక్కును ప్రేమించేవారు తనిఖీని అవమానంగా చూడటం మానాలి. తుపాకీని అసహ్యించుకునేవారు నోటీసును రక్షణగా భ్రమపడటం మానాలి. పౌరుడు గుమ్మంలో తుపాకీ వదిలితే, లోపల ఉన్నంతసేపూ అతని ప్రాణం ప్రభుత్వం అప్పుగా తీసుకున్నట్టే. ఆ అప్పు తీర్చగలిగే చోటే ఆయుధం తీయించాలి. తీర్చలేని చోట్ల ముందు దాన్ని తీర్చే స్తోమత సంపాదించాలి. గార్డుల శిక్షణకు, రహస్య పరీక్షలకు, పెట్టెలకు, గుమ్మాలకు చట్టసభలు కేటాయించే ప్రతి డాలరూ ఆ అప్పు తీర్చడానికే.